కిడ్నీ రోగికి రక్తం పెరిగే ఇంజెక్షన్: ఈపీఓ, డార్బె, మిర్సెరాలలో ఎవరికి ఏది?

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో హిమోగ్లోబిన్ 8కో 7కో జారిపోవడం మామూలే. ఎర్ర కణాలు తయారుచేయమని ఎముక మజ్జకు కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ (ఈపీఓ) హార్మోన్ పెద్దవాళ్లలో దాదాపు అంతా కిడ్నీల్లోనే పుడుతుంది. కిడ్నీ పాడైతే ఆ కబురు ఆగిపోతుంది. బయట తయారుచేసిన అదే హార్మోన్‌ను ఒంట్లోకి ఎక్కించడమే ఈ ఇంజెక్షన్ల పని.

చిక్కు ఎంపిక దగ్గర వస్తుంది. ఒక ఆస్పత్రి చీటీలో 'ఎరిత్రోపోయిటిన్ 4000' అని ఉంటుంది, ఇంకోదాంట్లో 'డార్బెపోయిటిన్ 40', మరోచోట 'మిర్సెరా 100'. 4000 పెద్ద డోసు, 40 చిన్న డోసు అనుకునేవాళ్లు చాలామంది. మొదటిది యూనిట్ల లెక్క, మిగతా రెండూ మైక్రోగ్రాములు. అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

సరైన డోసులో వేస్తే వీటిలో ఏదీ రెండోదానికంటే రక్తాన్ని ఎక్కువ పెంచదు. ఒంట్లో ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎలా తయారైంది, మీ చేతికి వచ్చేదాకా చల్లగా ఉందా అన్నవాటిలోనే తేడా అంతా. ఏది వాడాలో, ఎంత వాడాలో తేల్చేది మీ నెఫ్రాలజిస్టే (కిడ్నీ డాక్టరే). ఆ మాటలు జరిగేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఈ వివరాలు.

## బ్రాండు కంటే ముందు చూడాల్సినవి

ఇనుము. హార్మోన్ ఆర్డరు ఇస్తుంది, సరుకు మాత్రం ఇనుమే. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో వాడకానికి సిద్ధంగా ఉన్న ఇనుము లెక్క) 20 శాతం లోపు ఉన్నా, ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము లెక్క) డయాలసిస్ రోగిలో 200 లోపు (డయాలసిస్ దాకా రానివారిలో 100 లోపు) ఉన్నా, ఏ ఖరీదైన ఇంజెక్షన్ వేసినా డబ్బు దండగ. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి అదొక్కటే చూసి ఇనుము సరిపోయిందనుకోకూడదు. బ్రిటన్‌లో డయాలసిస్ రోగులపై జరిగి 2019లో వెలువడిన పివోటల్ అధ్యయనంలో ఒక జట్టుకు ఐరన్ సుక్రోజ్‌ను నెలకు 400 మిల్లీగ్రాముల చొప్పున ముందుగానే ఇచ్చారు. తగ్గినప్పుడే ఇనుము ఇచ్చిన జట్టుతో పోలిస్తే వాళ్లకు ఈ హార్మోన్ తక్కువ పట్టింది.

ఎంతవరకు పెంచాలి. హిమోగ్లోబిన్‌ను మామూలు మనిషిలా 13, 14కి తీసుకెళ్లాలనే ఆశ ప్రమాదం. 2006 నాటి కాయిర్ అధ్యయనంలో 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారికి, 11.3 దగ్గర ఆపినవారికంటే ఎక్కువ నష్టం జరిగింది. 2009 నాటి ట్రీట్ అధ్యయనంలో షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవారికి డార్బెపోయిటిన్‌తో 13కి పెంచబోతే పక్షవాతం దాదాపు రెట్టింపైంది. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు 10 నుంచి 11.5 మధ్య ఉంచుతారు. మందు ఏదైనా ఈ హద్దు మారదు.

బీపీ. అదుపులో లేకపోతే ఇంజెక్షన్ మొదలుపెట్టరు. రక్తం వేగంగా చిక్కబడితే బీపీ ఇంకా పెరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. రెండు వారాల్లో హిమోగ్లోబిన్ 1 గ్రాము దాటి పెరిగితే సంతోషించకండి. అది డోసును పావు వంతో ఇంకా ఎక్కువో తగ్గించాలని చెప్పే సూచన.

నెల ఖర్చు. సిరంజి ధర చూసి ఇది చవక, అది ఖరీదు అనేయడం పెద్ద పొరపాటు. సిరంజి ధరను నెలకు పట్టే సిరంజిలతో గుణించండి. దానికి ప్రతి ఇంజెక్షన్‌కూ ఆస్పత్రికి వెళ్లిరావడానికి అయ్యే బస్సు చార్జీ, తోడు వచ్చినవాళ్ల ఆ రోజు కూలీ కలపండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులు చాలామంది ఉన్నారు. అలాంటి చోట సిరంజి ధర కంటే ప్రయాణమే బరువవుతుంది.

## తయారీ తెలిస్తే తేడాలు అర్థమవుతాయి

ఇన్సులిన్‌ను బాక్టీరియాలో తయారుచేయవచ్చు. ఎరిత్రోపోయిటిన్‌ను అలా చేస్తే పనికిరాదు. ఈ ప్రొటీన్‌లో 165 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటికి నాలుగు చక్కెర గొలుసులు అతుక్కొని ఉంటాయి, బరువులో దాదాపు 40 శాతం ఆ చక్కెరలదే. గొలుసుల చివర సయాలిక్ ఆమ్లం మూతలా ఉంటుంది. ఆ మూత లేని హార్మోన్‌ను కాలేయం నిమిషాల్లో పట్టేసి రక్తంలోంచి తీసేస్తుంది. బాక్టీరియాకు ఈ గొలుసులు అతికించడం చేతకాదు. అందుకే దాదాపు అన్ని కంపెనీలూ చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాలను వాడతాయి. వాటికి 'చో' కణాలని పేరు.

మొదట దీన్ని మూత్రంలోంచి తీశారు. జపాన్‌లోని అప్లాస్టిక్ ఎనీమియా (ఎముక మజ్జ రక్త కణాలు చేయలేని జబ్బు) రోగుల 2,550 లీటర్ల మూత్రం నుంచి యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం 1977లో కొన్ని మిల్లీగ్రాముల శుద్ధమైన హార్మోన్‌ను సాధించింది. ఆ దారిలో మందు తయారుచేయడం కుదిరే పని కాదు. 1983లో ఆమ్జెన్ కంపెనీలో ఫూ-కుయెన్ లిన్ మనిషి జన్యువును వేరుచేశాకే దారి తెరుచుకుంది. 1989 జూన్‌లో అమెరికాలో ఎపోజెన్ అనే బ్రాండుకు అనుమతి వచ్చింది. ఇలా కణాల్లో తయారైన ఎరిత్రోపోయిటిన్‌నే మందుగా ఎపోయిటిన్ అంటారు.

ఫ్యాక్టరీలో పని ఇలా నడుస్తుంది. మనిషి జన్యువు చొప్పించిన చో కణాల్లో బాగా దిగుబడి ఇచ్చే ఒక్క కణం సంతానాన్ని ఎంచి, ద్రవ నత్రజనిలో 'మాస్టర్ బ్యాంకు'గా దాస్తారు. ప్రతి బ్యాచ్ ఆ వంశం నుంచే మొదలవ్వాలి. కణాలను బయోరియాక్టర్‌లో పోషక ద్రవంలో పెంచితే అవి హార్మోన్‌ను ద్రవంలోకి వదులుతాయి. ఇక్కడ వేడి, ఆమ్లత, ఆక్సిజన్ కొద్దిగా తప్పినా కణాలు చావవు, చక్కెర గొలుసులు మాత్రం చెడతాయి. కణాలు వదిలే అమోనియా పేరుకుంటే సయాలిక్ ఆమ్లం తగ్గుతుంది. మందు చూడ్డానికి అలాగే ఉంటుంది, ఒంట్లో నిలిచే కాలం పడిపోతుంది.

తర్వాత వడపోత, వరసగా క్రొమటోగ్రఫీ (ప్రొటీన్‌ను మిగతావాటి నుంచి వేరుచేసే) దశలు, వైరస్‌లను చంపే దశ, వైరస్‌లనే ఆపగలిగే సన్నటి ఫిల్టర్ ఉంటాయి. ఇందులో అసలు పనితనం సయాలిక్ ఆమ్లం తక్కువున్న రూపాలను ఏరి పారేయడంలో ఉంది. ఎంత కచ్చితంగా ఏరితే అంత దిగుబడి పోతుంది, అంత ధర పెరుగుతుంది. చవక కాపీకీ మంచి కాపీకీ తేడా వచ్చే చోట్లలో ఇదొకటి.

ఆఖరి దశ సిరంజిలో నింపడం. 4000 యూనిట్ల సిరంజిలో ఉండే ప్రొటీన్ కేవలం 33 మైక్రోగ్రాముల చిల్లర. అంత కొంచెం ప్రొటీన్ గాజు గోడకే అంటుకుపోగలదు. అందుకని ఆల్బుమిన్‌నో పాలిసార్బేట్‌నో కలుపుతారు. పెద్ద ప్రమాదం జరిగింది ఈ దశలోనే. ఐరోపాలో 1998లో ఎప్రెక్స్ అనే ఎపోయిటిన్ బ్రాండు నుంచి మనిషి ఆల్బుమిన్ తీసేసి పాలిసార్బేట్ 80 పెట్టారు. తర్వాతి నాలుగేళ్లలో చర్మం కింద ఇంజెక్షన్ తీసుకున్న కొందరిలో హార్మోన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి ఎర్ర కణాల తయారీయే ఆగిపోయింది. పూత లేని రబ్బరు బిరడా నుంచి కారిన పదార్థాల మీద ప్రధానంగా అనుమానం పడింది. బిరడాలకు పూత వేసి, కిడ్నీ రోగులకు నరానికే ఇవ్వాలని మార్చాక కేసులు బాగా తగ్గాయి. 2009లో ఐరోపాలోనే ఒక బయోసిమిలర్‌ను (అసలు మందుకు కాపీగా వేరే కంపెనీ చేసినదాన్ని) చర్మం కింద ఇచ్చే పరీక్షను ఇద్దరు రోగుల్లో యాంటీబాడీలు కనిపించడంతో ఆపేశారు. గాజు సిరంజికి సూది రంధ్రం చేసేటప్పుడు మిగిలిన టంగ్‌స్టన్ అందుకు కారణమై ఉంటుందని తర్వాతి పరిశోధన చెప్పింది. అంటే అణువు సరిగ్గా ఉన్నా సీసా, బిరడా, సిరంజి కొంప ముంచగలవు.

## పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | ఎపోయిటిన్ ఆల్ఫా, బీటా | డార్బెపోయిటిన్ ఆల్ఫా | సెరా (మిర్సెరా) |
|---|---|---|---|
| అణువు | సహజ హార్మోన్ లాంటిదే, 4 చక్కెర గొలుసులు | 5 అమైనో ఆమ్లాలు మార్చి 6 గొలుసులు | ఎపోయిటిన్ బీటాకు పొడవైన పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) గొలుసు |
| బరువు, కిలోడాల్టన్లు | సుమారు 30 | సుమారు 37 | సుమారు 60 |
| నరానికి ఇస్తే రక్తంలో మందు సగానికి తగ్గడానికి | 4 నుంచి 13 గంటలు | 20 నుంచి 25 గంటలు | 5 రోజులపైనే |
| డయాలసిస్ రోగికి మొదలుపెట్టే డోసు | కిలోకు 50 యూనిట్లు, వారానికి 3 సార్లు | కిలోకు 0.45 మైక్రోగ్రాములు, వారానికోసారి | కిలోకు 0.6 మైక్రోగ్రాములు, 2 వారాలకోసారి |
| నిలకడ వచ్చాక | వారానికి 1 నుంచి 3 | 1 లేదా 2 వారాలకోసారి | నెలకోసారి |
| చర్మం కింద వేస్తే డోసు ఆదా | ఉంది | లేదు | లేదు |

60 కిలోల మనిషికి లెక్క వేస్తే ఎపోయిటిన్ 3000 యూనిట్ల చొప్పున వారానికి మూడుసార్లు, లేదా డార్బె వారానికి 27 మైక్రోగ్రాములు, అంటే 25 సిరంజి. సెరా అయితే రెండు వారాలకు 36 మైక్రోగ్రాములు.

## ఎపోయిటిన్

పాతది, చవకైనది, ఎక్కువ బ్రాండ్లు ఉన్నది. ఆల్ఫా, బీటా రెండూ చో కణాల్లోనే తయారవుతాయి. చక్కెర గొలుసుల్లో చిన్న తేడాలు తప్ప రోగికి తెలిసే తేడా పెద్దగా లేదు. సిట్రేట్ కలిపిన రకాలు చర్మం కింద వేస్తే మంట పుట్టిస్తాయి, అదొకటి గమనించదగ్గది.

దీని బలం సర్దుబాటు. తొందరగా తగ్గిపోతుంది కాబట్టి హిమోగ్లోబిన్ ఎక్కువైతే రెండు మూడు డోసులు ఆపితే చాలు, ప్రభావం సన్నగిల్లుతుంది. చర్మం కింద వేస్తే నరానికి ఇచ్చినదానికంటే దాదాపు 30 శాతం తక్కువ మందుతో అదే ఫలితం వస్తుంది. సొంత డబ్బుతో కొనేవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. డయాలసిస్ సెంటర్లు మాత్రం చాలావరకు సూది పోటు తప్పుతుందని డయాలసిస్ చివర్లో లైన్‌లోకే ఇచ్చేస్తాయి. చర్మం కింద వేయవచ్చా అని అడగండి, బ్రాండు కరపత్రంలో దానికి అనుమతి ఉందో లేదో చూడమనండి.

బలహీనత కూడా అక్కడే. రెండు డోసులు తప్పితే మూడో వారానికి రక్తం జారడం మొదలవుతుంది.

## డార్బెపోయిటిన్

2001లో వచ్చింది. ఎక్కువ చక్కెర గొలుసులుంటే ఎక్కువ కాలం నిలుస్తుందని గమనించి, అదనంగా రెండు గొలుసులు అతికేలా ప్రొటీన్‌ను మార్చారు. సయాలిక్ ఆమ్లాల సంఖ్య గరిష్ఠంగా 14 నుంచి 22కి పెరిగింది. విచిత్రమేమిటంటే కణం మీద హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకానికి ఇది ఎపోయిటిన్ కంటే బలహీనంగానే అంటుకుంటుంది. అయినా ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి మొత్తం మీద లాభమే.

మన దగ్గర దీనికి ప్రత్యేక స్థానం ఉంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2010లో క్రెస్ప్ పేరుతో దీన్ని విడుదల చేసింది, తర్వాత ఇతర భారతీయ కంపెనీలూ వచ్చాయి. దాంతో ఎపోయిటిన్‌కూ దీనికీ నెల ఖర్చులో ఉన్న దూరం తగ్గింది.

నరానికి ఇచ్చినా చర్మం కింద ఇచ్చినా డోసు ఒకటే. డయాలసిస్ దాకా రానివారికి మొదటి నుంచే నాలుగు వారాలకోసారి ఇచ్చే పద్ధతీ ఉంది. నా దృష్టిలో ఇంటి దగ్గర ఉండి వైద్యం చేయించుకునే రోగులకు మొదట ఆలోచించాల్సింది ఇదే. కొన్ని సిరంజిల సూది మూతలో సహజ రబ్బరు ఉంటుంది. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు చెప్పి తీసుకోవాలి.

## సెరా, అంటే మిర్సెరా

ఎపోయిటిన్ బీటాకు 30 కిలోడాల్టన్ల పెగ్ గొలుసు రసాయనికంగా అతికిస్తారు. అంటే తయారీలో ఒక పూర్తి దశ ఎక్కువ. అతకని అణువుల్నీ, రెండు గొలుసులు అతికినవాటినీ మళ్లీ వేరుచేయాలి. 2007లో అనుమతి వచ్చింది.

నెలకో ఇంజెక్షన్, ఏడాదికి పన్నెండు. హిమోగ్లోబిన్ నిలకడగా ఉన్నవారికి, పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ద్రవం పంపి చేసేది) ఇంట్లో చేసుకునేవారికి, కిడ్నీ మార్పిడి తర్వాత రక్తహీనత మిగిలినవారికి సుఖం. కానీ డోసు ఎక్కువైతే వెనక్కి తీసుకోలేం, వారాలపాటు ఒంట్లో ఉంటుంది. తరచూ ఇన్ఫెక్షన్లు, ఆస్పత్రిలో చేరడాలు ఉన్నవారికి, హిమోగ్లోబిన్ 9కీ 12కీ మధ్య ఊగేవారికి ఇది సరిపోదు. ధర కూడా చూసుకోవాలి.

## మాత్ర సంగతి

డెసిడుస్టాట్ మాత్ర, జైడస్ వారి ఆక్సీమియా, 2022 మార్చిలో భారత్‌లో అనుమతి పొందింది. ఇది హార్మోన్ కాదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే వ్యవస్థను మేల్కొలిపి, మిగిలిన కిడ్నీ కణాల చేతా కాలేయం చేతా సొంత ఎరిత్రోపోయిటిన్‌ను చేయిస్తుంది. వారానికి మూడుసార్లు మింగాలి. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది లేదు. కరెంటు నమ్మకం లేని ఊళ్లలో ఇది పెద్ద విషయమే. అయితే ఈ కుటుంబానికి చెందిన రోక్సాడుస్టాట్‌ను 2021లో అమెరికా తిరస్కరించింది, రక్తం గడ్డకట్టే ప్రమాదమే అక్కడ ప్రధాన ఆందోళన. తర్వాత అనుమతించిన డాప్రోడుస్టాట్, వాడాడుస్టాట్‌లను కూడా డయాలసిస్ మీద కొన్ని నెలలు ఉన్నవారికే పరిమితం చేసింది. క్యాన్సర్ ఉన్నవారు, పక్షవాతమో కాలి సిరల్లో గడ్డలో వచ్చినవారు ఈ మాత్ర గురించి డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాలి.

## ఎవరికి ఏది

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు ఎలాగూ వెళ్తున్నవారికి ఎపోయిటిన్ చాలు. ప్రతి సిట్టింగ్‌లో టెక్నీషియనే ఇస్తారు, తప్పే అవకాశం తక్కువ. వీళ్లకు సెరా కోసం అదనంగా ఖర్చు పెట్టడం వల్ల ఒరిగేది కొంచెమే.

డయాలసిస్ దాకా రాని రోగి, ఊరు దూరం: డార్బె, రెండు లేదా నాలుగు వారాలకోసారి. నెలనెలా రక్తపరీక్షకు వచ్చినప్పుడే వేయించుకోవచ్చు, ఇంట్లో ఫ్రిజ్ అవసరమే రాదు.

కిడ్నీ మార్పిడి కోసం చూస్తున్నవారు మందు ఏదన్నదానికంటే ఆలస్యం చేయకపోవడం మీద దృష్టి పెట్టాలి. రక్తం ఎక్కించుకుంటే ఇతరుల కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది.

## కొనేటప్పుడు, దాచేటప్పుడు

భారత్‌లో దొరికే వాటిలో చాలావరకు బయోసిమిలర్లే. వీటికి 2012లో మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో సవరించారు. వాటిని చూసి భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది ప్రతి వారం ఏది చవకగా దొరికితే ఆ బ్రాండు వేయించుకోవడానికి. యాంటీబాడీ సమస్య వస్తే ఏ బ్యాచ్ కారణమో కనిపెట్టే దారి ఉండదు. ఒక బ్రాండుకు కట్టుబడండి. ప్రతి సిరంజి బ్రాండు, బ్యాచ్ నంబర్, తేదీ డయాలసిస్ పుస్తకంలో రాయించండి.

మందుల షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చారా, అల్మరాలోంచా అన్నది చూడండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ ప్యాక్‌కు సిరంజి నేరుగా తగిలితే గడ్డకట్టవచ్చు, మధ్యలో గుడ్డో కాగితమో పెట్టండి. ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పక్కన పెట్టొద్దు, తలుపు అరలోనూ వద్దు, మధ్య అర మేలు. ఒకసారి గడ్డకట్టింది కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, కానీ పారేయాల్సిందే. వయల్‌ను గిలకొట్టకూడదు, నురుగు వస్తే ప్రొటీన్ చెడుతుంది. వేసే ముందు అరగంట బయట పెడితే మంట తగ్గుతుంది. పొట్ట, తొడ మార్చి మార్చి వేయాలి. ఫిస్టులా ఉన్న చేతికి వద్దు.

## ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే

యూనిట్లను 200తో భాగిస్తే డార్బె మైక్రోగ్రాములు వస్తాయన్నది ఐరోపా లెక్క. వారానికి 12,000 యూనిట్లు వాడే రోగికి ఆ లెక్కన 60 వస్తుంది. అమెరికా పట్టిక ప్రకారం అదే రోగికి 40 చాలు. డోసు పెద్దదయ్యేకొద్దీ డార్బె మరింత పొదుపుగా పనిచేస్తుంది, అందుకే ఈ తేడా. తక్కువ నుంచి మొదలుపెట్టి నాలుగు వారాలు చూడటం క్షేమం. సెరాకు మారితే వారానికి 8000 యూనిట్లలోపు వాడేవారికి నెలకు 120 మైక్రోగ్రాములు, 8000 నుంచి 16,000 దాకా 200, ఆపైన 360. మార్పు తర్వాత రెండు వారాలకోసారి హిమోగ్లోబిన్ చూడాలి. నాలుగు వారాలు కాకముందే డోసు పెంచమని డాక్టర్‌ను తొందరపెట్టకండి, కొత్త ఎర్ర కణాలు లెక్కలో కనిపించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

## వేస్తున్నా పెరగకపోతే

డోసు పెంచే ముందు వెతకాల్సినవి: ఇనుము, మెడ క్యాథెటర్‌లో ఇన్ఫెక్షన్, డయాలసిస్ చాలకపోవడం, పారాథైరాయిడ్ హార్మోన్ పెరగడం, బీ12, ఫోలేట్, పేగుల్లో రక్తం పోవడం, డయలైజర్‌లో ప్రతిసారీ గడ్డకట్టి పోయే రక్తం. ఏజెన్సీ ప్రాంతాల వారిలో సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించాలి. ఇవేవీ చూడకుండా డోసు రెట్టింపు చేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

నెలల తరబడి బాగా పనిచేసిన మందు హఠాత్తుగా ఆగి, హిమోగ్లోబిన్ వారానికి అర గ్రాము నుంచి గ్రాము చొప్పున పడుతూ, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మాత్రం మామూలుగా ఉంటే సంగతి వేరు. రెటిక్యులోసైట్ (కొత్తగా పుట్టిన ఎర్ర కణాల) లెక్క అడగండి. అది మైక్రోలీటర్‌కు 10,000 లోపు ఉంటే యాంటీబాడీ పరీక్ష చేయించాలి. ఆ యాంటీబాడీలు ఎపోయిటిన్, డార్బె, సెరా అన్నిటినీ అడ్డుకుంటాయి. బ్రాండు మార్చి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అన్ని రకాలూ వెంటనే ఆపించి, అవసరమైతే రక్తం ఎక్కించుకుంటూ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల గురించి నెఫ్రాలజిస్టును అదే వారంలో కలవాలి.